తెర వెనక తనిఖీ

తొమ్మిదిన్నర దాటింది. రాయదుర్గంలో మెట్రో దిగిన జనమంతా ఒకేసారి వచ్చి పడే వేళ. ఆఫీసు టవర్ గేటు పక్కన నీలం తెర కట్టిన ఆడవాళ్ళ తనిఖీ గదిలో నవనీత ఒక్కతే నిలబడి ఉంది. జోడీగా ఉండాల్సిన అమ్మాయి ఆ రోజు రాలేదు. ఒకరు రాకపోతే సూపర్‌వైజర్ మహేందర్ ఇంకొకరిని పంపడు, ఉన్న మనిషితోనే ఇద్దరి పని చేయించుకుంటాడు. పన్నెండు గంటల డ్యూటీ, నెలకు పదమూడున్నర వేలు. కూర్చోవడానికి స్టూలు వేశారు గాని, కూర్చుంటే కెమెరాలో పడుతుంది.

తెర జరుపుకుని ఒక్కొక్కరే లోపలికి వస్తారు. బ్యాగు బల్ల మీద పెట్టి జిప్ తీస్తారు. చేతులు రెండూ పక్కలకు చాచి నిలబడతారు. నవనీత చేతిలోని నల్లటి యంత్రాన్ని భుజాల నుంచి పాదాల దాకా దింపుతుంది. చెప్పకుండానే వాళ్ళు వెనక్కి తిరుగుతారు. వీపు వైపు కూడా దింపి "ఓకే మేడమ్" అంటుంది. ఆ మాట వినపడ్డాకే చాచిన చేతులు కిందికి దిగుతాయి. మూడేళ్ళలో ఆమె మొహంలోకి చూసినవాళ్ళు పదిమంది కూడా ఉండరు. చెవిలోని ఇయర్‌ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుకుంటూనే చేతులెత్తుతారు, తిరుగుతారు, వెళ్ళిపోతారు.

జేబులో ఫోను వణికింది. డ్యూటీలో ఫోను ఎత్తితే ఒక పూట జీతం కోత. మూడుసార్లు వణికినా ఊరుకుంది. నాలుగోసారి తీసి చూస్తే సంతోష్.

విడిపోయిన ఈ రెండేళ్ళలో ఆ మనిషి తనంతట తాను ఫోను చేసింది లేదు. ఎదురుగా ఒకావిడ చేతులు చాచి నిలబడి ఉండగానే నవనీత ఫోను చెవికి ఆనించింది.

"పింకీకి ఏమైంది?"

"పింకీకి ఏంగాలే. అమ్మ బాత్రూమ్‌ల జారిపడ్డది. తుంటి బొక్క ఇరిగింది. దవాఖానల ఉన్నం. ఆపరేషన్ చెయ్యాలంటున్రు. నెలా నెలన్నర లేవదంట." సంతోష్ గొంతు తగ్గించాడు. "నేను కారు డ్యూటీకి పోవాలె, దవాఖానకు పోవాలె. పిల్లను చూసెటోళ్ళు లేరు. జర నీ దగ్గర ఉంచుకుంటవా?"

ఎదురుగా ఉన్నావిడ విసుక్కుంటూ చేతులు ఇంకాస్త పైకెత్తింది. నవనీత యంత్రం ఆనించకుండానే "ఓకే మేడమ్" అనేసింది. ఫోనులోకి మాత్రం, "మధ్యాన్నం రెండు గంటలకు గేటు కాడికి తీస్కరా" అంది.

ఆమెకు సంతోషం వేసింది. ముసలిదాని తుంటి విరిగినందుకు ఒళ్ళంతా తేలికపడేంత సంతోషం. పాపం అనిపించలేదు. అనిపించాలి కదా అని కూడా అనిపించలేదు. అట్లా అనుకోవడం తప్పని ఎవరైనా అంటే, వాళ్ళెప్పుడూ హఫీజ్‌పేట్ స్టేషన్ బెంచీ మీద కూర్చుని కన్నబిడ్డ కోసం రైళ్ళు లెక్కపెట్టినవాళ్ళు కారు.

సంతోష్, నవనీత విడిపోవడానికి పెద్ద కారణాలేమీ లేవు. ఆమె ప్యాంటు, బెల్టు, టోపీ వేసుకుని గేటు దగ్గర నిలబడటం అత్త లచ్చమ్మకు నచ్చలేదు. నలుగురు ఆడవాళ్ళను తడిమే ఉద్యోగం అని ఎత్తిపొడిచేది. ఆ మాట మీద మాట పెరిగి ఒకరోజు సంతోష్ చెయ్యి చేసుకున్నాడు. నవనీత బోరబండలో ఒక గది కిరాయికి తీసుకుని మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. కోర్టుకు పోతే లీవులు పోతాయి, కులసంఘానికి పోతే ఒక్క ఆదివారం చాలు. అద్దాల మేడల కింద పనిచేసే మనుషుల కాపురాలు ఇప్పటికీ స్టాంపు కాగితం మీదే తెగుతున్నాయి.

బోరబండలో మెట్లెక్కితే సంఘం హాలు. సంఘం పెద్ద మొగిలి, ఒకప్పటి మేస్త్రీ. ఇడుపు కాయితం, అదే విడాకుల పత్రం, రాసిన రోజున హాలు మధ్యలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేయించి, దాని మీద ఆరేళ్ళ పింకీని కూర్చోబెట్టాడు. ఒకవైపు తల్లి, ఒకవైపు తండ్రి.

"పసిపిల్ల నోట దేవుడు పలుకుతడు. అమ్మ కావాల్నా, నాయిన కావాల్నా? చెప్పు బిడ్డా" అన్నాడు.

దేవుడు గడగడా పలికాడు. "అమ్మ నన్ను రూమ్‌ల వేసి తాళం పెడ్తది. నేను డాడీ దగ్గరనే ఉంట." వారం రోజులు పక్కలో పడుకోబెట్టుకుని లచ్చమ్మ నేర్పిన పాఠం అది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. నవనీత ఏడుస్తూ అబద్ధమని అంటే, పిల్ల మీదికే నిందేస్తావా అని ఆడవాళ్ళే కసిరారు. ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు తల్లి దగ్గర, మిగతా రోజులన్నీ తండ్రి దగ్గర, పిల్లను అప్పజెప్పుకునేది హఫీజ్‌పేట్ స్టేషన్‌లో అని రాశారు.

ఆ ఆదివారాలు కూడా దక్కలేదు. ఒకసారి జ్వరం అన్నారు, ఒకసారి పరీక్షలన్నారు. వచ్చిన ఆదివారాల్లో పింకీ చిరిగిన గౌనులో వచ్చేది. తల్లి కొనిచ్చిన గౌను తొడుక్కుని, సాయంత్రం స్టేషన్ బాత్రూమ్‌లో విప్పేసి, మళ్ళీ చిరిగిన గౌనుతో వెళ్ళిపోయేది. గడపలోనే లచ్చమ్మ బ్యాగు బోర్లించి, చెప్పులు విప్పించి, జేబులు తడిమి, జడలోని రిబ్బను కూడా విప్పి దులిపేది. ఒకసారి కంపాస్ బాక్సులో నవనీత పాస్‌పోర్టు ఫొటో దొరికితే ముక్కలు చేసి, ఆ ముక్కలు పిల్లచేతనే చెత్తడబ్బాలో వేయించిందట. ఆ తర్వాతి వారమే ప్లాట్‌ఫారం మీద పింకీ మొదటిసారి, "నవనీత ఆంటీ, నీళ్ళ బాటిల్ ఇయ్యి" అంది.

ఆ పిలుపు నవనీత మరిచిపోలేదు. ఎప్పుడో ఒకరోజు సంతోష్‌ను ఆ హాల్లోనే కూర్చోబెట్టి, ఆ కుర్చీ మీది నుంచే, ఆ పిల్ల నోటితోనే అలాంటి మాట అనిపించాలి. ఆమె కోరిక అదొక్కటే. ఆ ఒక్క కోరిక మీదే రెండేళ్ళు పన్నెండేసి గంటలు నిలబడగలిగింది.

రెండింటికి సంతోష్ పింకీని తీసుకుని వచ్చాడు. నవనీత తెర సందులోంచి చూసి కూడా వెంటనే బయటికి రాలేదు. గేటు దగ్గరి మనిషితో, "రిజిస్టర్ల రాయమను. రాయకుంటే లోపటికి ఇడ్వకు" అని చెప్పి పంపింది. సంతోష్ పేరు రాశాడు, బండి నంబరు రాశాడు, ఎవరిని కలవాలి అన్నచోట నవనీత అని రాశాడు. పక్క గడిలో 'సంబంధం' అని ఉంది. పెన్ను అక్కడ ఆగిపోయింది. ఎండలో చాలాసేపు ఆ గడి వంకే చూసి, ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాడు. చూస్తున్న నవనీతకు చల్లని మజ్జిగ తాగినట్టయింది.

బయటికి వచ్చాక అతను ఎక్కువ మాట్లాడలేదు. "ఫ్యాన్ కింద పండవెట్టకు, దగ్గొస్తది. పొద్దుమీకి ఫోన్ చేస్త, జర మాట్లాడనియ్యి" అన్నాడు. నవనీత పిల్ల చెయ్యి పట్టుకుని తెర వెనక్కి తీసుకుపోయింది.

దసరా సెలవులు. గదిలో ఒంటరిగా వదల్లేక, మహేందర్ కాళ్ళావేళ్ళా పడి, పిల్లను తనిఖీ గదిలోనే స్టూలు మీద కూర్చోబెట్టుకుంది. పింకీ అల్లరి చేయలేదు. వచ్చేపోయే ఆడవాళ్ళను కన్నార్పకుండా చూసింది. వాళ్ళు చేతులు చాస్తే తన వేళ్ళు కూడా ఒళ్ళో కదిలేవి.

"వాళ్ళు ఎందుకు చేతులు లేపుతరు?" అని ఒకసారి అడిగింది.

"ఏం దాచుకోలేదని చూపెట్టనీకి."

"దాచుకుంటే కొడ్తవా?"

"నేనెందుకు కొడ్త? లోపటికి పోనియ్యను, గంతే."

పింకీ తలూపింది. ఆ తలూపడంలో ఏముందో నవనీతకు అప్పుడు పట్టలేదు.

ఇంటికి రాగానే నవనీత చేసిన మొదటి పని పిల్ల బ్యాగు బోర్లించడం. చేతికి అలవాటైన పనే. చిరిగిన గౌను, రెండు లంగాలు, బొమ్మల పుస్తకం, కంపాస్ బాక్సు. బాక్సు మూత తీస్తే వృత్తలేఖిని కింద దాచిన, గడువు దాటిన ఐడీ కార్డు. సంతోష్ ఇంతకు ముందు నడిపిన కంపెనీ కారుది. ఫొటోలో నున్నగా దువ్విన తలతో నవ్వుతున్నాడు.

నవనీత కత్తెర తీసి ఆ నవ్వు మీదుగా రెండు ముక్కలు చేసింది, తర్వాత నాలుగు. పిల్ల ఏడుస్తుందని ఎదురుచూసింది. ఏడిస్తే ఏమనాలో కూడా తయారుగా పెట్టుకుంది. పింకీ ఏడవలేదు. నేలమీద పడిన ముక్కలు ఒక్కొక్కటే ఏరుకుని, "చెత్తడబ్బ ఏడున్నది?" అని అడిగింది.

నవనీత ఒక్క క్షణం తడబడింది. తర్వాత చెయ్యి పెట్టి చూపించింది.

సాయంత్రం సంతోష్ ఫోను మోగుతుంటే నవనీత కట్ చేసింది. పిల్లతో, "మీ డాడీ ఫోన్ చేస్తనని చేయనే లేదు, చూసినవా" అంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మూడోరోజున పింకీ అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి మామూలుగా అడిగింది.

"ఇగ డాడీని ఏమని పిల్వాలె? అంకుల్ అనాల్నా?"

నవనీతకు మొదట నవ్వొచ్చింది. రెండేళ్ళ కడుపుమంట మీద నీళ్ళు చల్లినట్టయి పకపకా నవ్వింది. "అను. అంకులనే అను" అంది. మర్నాడు టవర్ లాబీలో నేల తుడిచే సక్కుబాయికి ఈ సంగతి చెప్పి మళ్ళీ నవ్వింది. సక్కుబాయి నడుం మీద చేతులు పెట్టుకుని విన్నది.

"మంచిగైంది. తగిన శాస్తి. ఆళ్ళు నీ కండ్లల్ల కారం కొట్టిన్రు, నువ్వు గూడ కొట్టు. ఇప్పుడు ఇడిస్తే మళ్ళ దొర్కరు."

"ఎట్ల ఇడుస్తనక్కా?" అంది నవనీత.

ఆ సాయంత్రమే మొగిలి ఇంటికి వెళ్ళింది. ముసలిది మంచాన పడింది, మగమనిషి కారు మీద తిరుగుతాడు, పిల్ల తన దగ్గర ఉంటానంటోంది, పాత కాయితం కొట్టేసి కొత్తది రాయాలి అంది. మొగిలి పొట్ట నిమురుకుంటూ సరేనన్నాడు. ఆదివారం పదకొండింటికి పెట్టుకుందామన్నాడు.

"పోయినసారి అడిగినట్టే అడుగు కాకా. గదే కుర్చీ వెయ్యి" అంది నవనీత.

నేర్పడానికి ఆమెకు నాలుగు రోజులే దొరికాయి. పింకీకి అన్ని కూడా అక్కర్లేకపోయింది. "డాడీ తాగొస్తడు. బెల్టుతోని కొడ్తడు. నేను అమ్మ దగ్గరనే ఉంట." ఒకటికి రెండుసార్లు చెబితే చాలు, పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తల దించుకోవాలో కూడా పిల్లకే తెలుసు. సంతోష్ ఎలాంటివాడైనా తాగుబోతు కాడు, పిల్ల మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు. అది నవనీతకు బాగా తెలుసు. తెలిసే నేర్పింది. తాను ఏ గదిలో పెట్టి తాళం వేసిందని ఆనాడు పిల్ల చేత చెప్పించారు?

ఈ వారంలోనే ఇంకొక అలవాటు కూడా మొదలైంది. కింద కిరాణాకొట్టు దగ్గర ఒకసారి సంతోష్ వచ్చి పింకీకి చాక్లెట్ ఇచ్చి పోయాడని తెలిసింది. అప్పటి నుంచి పిల్ల ఎప్పుడు బయటికి వెళ్ళొచ్చినా నవనీత గడపలోనే ఆపి జేబులు తడిమేది, గుప్పిట విప్పించేది. "నీ కోసమే" అనేది. పింకీ జేబులు తానే బయటికి లాగేది.

ఆదివారం పొద్దున సంతోష్ బోరబండ వచ్చాడు. లచ్చమ్మ మనవరాలి కోసం కలవరిస్తోందట. గంటసేపు దవాఖానకు తీసుకుపోయి, అటునుంచి అటే హాలుకు తెస్తానన్నాడు. నవనీత ఒప్పుకోలేదు. మొగిలి ఫోను చేసి, "ముసలిదాని పానం బాగలేదు, పోనియ్యి పిల్లా, మంచిగ కనవడ్తది" అంటే పళ్ళు బిగబట్టి పంపింది.

హాల్లో ఎర్ర కుర్చీ వేసి ఉంది. చుట్టూ పదిహేనుమంది. నవనీత ఇస్త్రీ చీర కట్టుకుని ఒకవైపు కూర్చుంది. పదకొండు దాటింది. పదకొండుంబావు. ఈ రెండు గంటల్లో ముసలిది పిల్లకు ఎన్ని నూరిపోసిందోనని ఆమె మెట్ల వైపే చూస్తోంది. సంచిలో ఏం పెట్టి పంపారో, చెవిలో ఏం ఊదారో. వచ్చీరాగానే ఒక్కసారి చూసుకోవాలి, పాఠం మరిచిపోయిందేమో అడగాలి.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. ముందు పింకీ, వెనక సంతోష్. వారం రోజుల్లో అతను బాగా చిక్కాడు, గడ్డం గీసుకోలేదు. నవనీత లేచి నిలబడింది.

"పింకీ, ఇటు రా" అంది.

పింకీ గడప దగ్గరే ఆగింది. భుజం మీది బ్యాగు తీసి నేల మీద పెట్టింది. జిప్ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తీసింది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. జడ రిబ్బను లాగి, విప్పి, దులిపి, బ్యాగు మీద వేసింది. కాళ్ళు కొంచెం ఎడం చేసి, చేతులు రెండూ పక్కలకు చాచి, గోడ వైపు చూస్తూ నిలబడింది.

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. "పోరి సెక్యూరిటీ ఆట ఆడుతున్నదిరా" అన్నారు. మొగిలి కూడా నవ్వాడు.

"గిదెవలు నేర్పిన్రు పింకీ?" అని సంతోష్ వెనక నుంచి మెల్లగా అడిగాడు.

"చెప్పులు, రిబ్బన్ నానమ్మ. చేతులు అమ్మ" అంది పింకీ, చేతులు దించకుండానే.

సంతోష్ తల వంచుకున్నాడు. నవనీత నవ్వలేదు. ఆ నిలబడే తీరు ఆమెకు తెలుసు. రోజుకు వెయ్యిమంది ఆమె ముందు అట్లాగే నిలబడతారు. లోపల ఏమీ లేదని చూపించి, అవతలికి పోనిస్తే చాలనుకుని నిలబడతారు. తన బిడ్డ ఎనిమిదేళ్ళకే ఏమీ దాచుకోని మనిషైంది. తల్లి ఫొటో లేదు, తండ్రి కార్డు లేదు, తనదంటూ ఒక మాట లేదు.

"రా బిడ్డా, వచ్చి కుర్చీల కూసో" అన్నాడు మొగిలి. "అమ్మ కావాల్నా, నాయిన కావాల్నా? దైర్నంగ చెప్పు."

పింకీ కదల్లేదు. ఇంకా ఓకే అని ఎవరూ అనలేదు.

నవనీత ముందుకు వచ్చి ఎర్ర కుర్చీని చేత్తో పట్టుకుంది. "అడగొద్దు కాకా" అంది.

"నువ్వే గద అడగమన్నవు?"

"నేనే అన్న. ఆమె ఇప్పుడు చెప్పేదంత నేను నేర్పిందే. తాగుతడని, బెల్టుతోని కొడ్తడని నాలుగు దినాలు కూసోవెట్టి నేర్పిన. ఈయన తాగడు, కొట్టడు. పోయినసారి చెప్పింది ఆళ్ళమ్మ నేర్పింది. దేవుడు పల్కలే, ఏం పల్కలే."

హాల్లో గోల లేచింది. ఒకామె, "తన నోటితోనే ఒప్పుకున్నది, చూసిన్రా" అంది. మొగిలి మొహం మాడ్చుకున్నాడు.

"గట్లయితే పాత కాయితమే నడుస్తది. పిల్లను సంతోష్‌కు అప్పజెప్పు. అబద్ధం నేర్పిన తల్లికి ఆదివారాలు గూడ అవసరం లేదు."

ఈ మాట వస్తుందని ఆమెకు నోరు తెరవకముందే తెలుసు. చేతికందిన బిడ్డ చేజారుతోందని తెలుసు. అయినా కుర్చీని ఎత్తి గోడవారగా బోర్లించింది.

"పాత కాయితం గూడ నడవది. అది పిల్లతోని అబద్ధం చెప్పిచ్చి రాసిన కాయితం. ఇంకోపాలి నా బిడ్డను నడిమిట్ల కూసోవెట్టి అడిగితే మీ హాలుకు తాళం ఏపిస్త. చెప్పాల్సింది ఉంటే నేను చెప్త, ఈయన చెప్తడు. పెద్దోళ్ళం, మా తప్పులు మేమే చెప్పుకుంటం. కాదంటే కోర్టుల చూసుకుందాం, లీవులు పోతే పోనీ."

సంతోష్ ఏదో అనబోయాడు. నవనీత అతని వైపు తిరిగింది.

"నీ మీద కోపం పోయిందనుకోకు. సచ్చెదాంక పోదు. మీ అమ్మ లేచి నడిస్తే ఆమెతోని గూడ నాకు లెక్కున్నది. గని ఆ కోపం నాది. దాన్ని ఇగ బిడ్డ నోట్ల పెట్ట. నువ్వు గూడ పెట్టకు."

 అతను ఒప్పుకున్నాడో లేదో ఆ మొహం చూస్తే తెలియలేదు. మొగిలి మాత్రం కుర్చీ మళ్ళీ వేయమని ఎవరికో సైగ చేస్తున్నాడు.

నవనీత గడప దగ్గరికి నడిచింది. పింకీ ఇంకా చేతులు దించలేదు. నవనీత మోకాళ్ళ మీద కూర్చుని, బిడ్డను దగ్గరికి తీసుకోవడానికి రెండు చేతులూ చాచింది.

పింకీ ఆ చేతులను చూసింది. చూసి, అలవాటైన మనిషిలా వెనక్కి తిరిగి, వీపు చూపించి నిలబడింది.